నగరానికి వచ్చిన తేనెపట్టు

హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, విజయవాడలోనో అయిదారు అంతస్తుల భవనంలో కాపురముండేవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. వానలు వెనుకపట్టి చెట్లు పూతకు వచ్చే రోజులలో ఒక మధ్యాహ్నం వేళ ఆకాశంలో సన్నని హోరు వినిపిస్తుంది. మబ్బుతునక వంటిదొకటి మేడ చుట్టూ రెండు మూడు సార్లు తిరిగి, పై అంతస్తు వసారా కప్పుకిందనో, నీళ్ళ ట్యాంకు అడుగుననో వాలుతుంది. మరునాడు తెల్లవారేసరికి అక్కడ గోధుమవన్నె కంబళి ఆరవేసినట్టు వేలకొలది తేనెటీగలు వేలాడుతూ ఉంటాయి.

ఆ సాయంత్రమే భవనవాసుల సమావేశం జరుగుతుంది. ఇంట తేనెపట్టు పడితే లక్ష్మి వచ్చినట్టేనని ఒక పెద్దావిడ అంటారు. చంటిపిల్ల తల్లి భయపడుతుంది. ఆ భయం న్యాయమైనదే. కారు నిండా పసుపుపచ్చని చుక్కలు పడుతున్నాయని మరొకరు ఫిర్యాదు చేస్తారు. చివరకు కార్యదర్శి ఎవరికో కబురు పంపుతాడు. చీకటి పడ్డాక ఒక మనిషి కాగడాతోనో, పురుగుమందు పిచికారీతోనో వచ్చి అరగంటలో పని ముగించి, తేనె ఉంటే మూట కట్టుకొని వెళ్ళిపోతాడు. ఉదయం వాకిలి ఊడ్చేవారు చచ్చిన ఈగలను చేటలకెత్తి పారబోస్తారు.

నగరాలలో తేనెటీగలను కాపాడాలి అనగానే మనకు మేడమీద వరుసగా అమర్చిన పెట్టెలు స్ఫురిస్తాయి. పెట్టెలు మంచివే. కాని మన నగరాలలో తేనెటీగల బతుకును పెట్టెలకంటె ఎక్కువగా ఆ సాయంత్రపు సమావేశమే నిర్ణయిస్తున్నది. ఎందుచేతనంటే, మనం తెచ్చి పెట్టకముందే అవి మన మధ్య కాపురం పెట్టి ఉన్నాయి.

ఎవరీ అతిథులు?

మన దేశంలో సాధారణంగా కనిపించే తేనెటీగలు అయిదు రకాలు. చెట్టుతొర్రలలో, పుట్టలలో, గోడల సందులలో పలు వరుసల పట్టు కట్టే పుట్టతేనెటీగ ఒకటి. పొదలలో, కొమ్మలకు అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ మరొకటి. ముల్లు లేక, కుట్టడమే ఎరుగని బుల్లి తేనెటీగ మూడవది. నాలుగవది ఐరోపానుండి తెచ్చినది. ఎత్తయిన మేడలమీద వాలేది అయిదవది. శాస్త్రజ్ఞులు దానిని ఏపిస్ డార్సేటా అంటారు, మనవారు కొండతేనెటీగ అంటారు.

కొండతేనెటీగ తన జాతిలో భారీకాయం గలది. అది ఒకే ఒక పట్టు కడుతుంది. మీటరు వెడల్పు వరకు పెరిగే ఆ పట్టుకు గోడలుండవు, కప్పు ఉండదు. ఈగలే ఒకదానినొకటి పట్టుకొని, పొరలు పొరలుగా వేలాడి, లోపలి గుడ్లకూ పిల్లపురుగులకూ దుప్పటిగా నిలుస్తాయి. ఎండలో, చలిలో, జల్లులో ఆ సజీవమైన తెరయే వాటి ఇల్లు. ఒక్కొక్క పట్టుమీద 50,000 ఈగలున్నా ఆశ్చర్యం లేదు. ఇలా ఆరుబయట బతికే జీవి గనుకనే దానిని పెట్టెలో పెంచాలన్న ప్రయత్నాలు ఫలించలేదు.

పట్టును కాసేపు దూరంనుండి గమనించినవారికి ఒక వింత కనబడుతుంది. చెరువు నీటిలో రాయి వేసినట్టు, ఈగల తెరమీద ఒక అల పుట్టి క్షణంలో ఈ అంచునుండి ఆ అంచుకు పాకుతుంది. కందిరీగ దగ్గరకు వచ్చినపుడు ఈగలు వరుసగా పొట్టను పైకెత్తి దించడంవల్ల ఆ అల పుడుతుంది. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞులు నేపాలులో ఈ పట్లను పరిశీలించి, ఈ అలలు కందిరీగలను బెదరగొట్టి వెనుకకు పంపుతున్నాయని 2008లో ప్రకటించారు. అనగా కొండతేనెటీగ శత్రువును చూడగానే కుట్టడానికి ఎగబడదు; ముందు హెచ్చరిస్తుంది.

వెన్నెల రాత్రులలో కూడా మేతకు పోగలగడం దీని మరొక విశేషం. ఆ గుణమే నగరంలో దానికి శత్రువైంది. రాత్రివేళ వసారాలో వెలిగే దీపాన్ని చూసి ఈగలు వచ్చి చుట్టూ తిరిగి, అలసి నేలమీద పడి, తెలియక తొక్కినవారిని కుడతాయి. మేడల్లో వినవచ్చే ఫిర్యాదులలో చాలావాటికి మూలం ఇదే. దీపం ఆర్పి, కిటికీకి తెర దించితే సగం తగవు తీరుతుంది.

ఒక అంతర్జాతీయ తగాదా

కారుమీది పసుపు చుక్కల సంగతికి ఒక చరిత్ర ఉంది. 1981 సెప్టెంబరులో అమెరికా విదేశాంగమంత్రి అలెగ్జాండర్ హేగ్ ఒక తీవ్రమైన ఆరోపణ చేశాడు. లావోస్, కంబోడియా దేశాలలో ఆకాశంనుండి పసుపు వాన కురుస్తున్నదనీ, అది సోవియట్ అండతో ప్రయోగిస్తున్న విషాయుధమనీ ఆయన అన్నాడు. ప్రపంచ పత్రికలన్నీ దానిని ప్రకటించాయి. 

హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల శాస్త్రజ్ఞుడు థామస్ సీలీ ఆ చుక్కల విషయం శోధించారు. సూక్ష్మదర్శినిలో చూడగా వాటినిండా పుప్పొడి ఉంది. అదీ సారమంతా జీర్ణమైపోయిన పుప్పొడి. 1984లో థాయిలాండు అడవులలో వారు స్వయంగా అటువంటి వానలో తడిశారు కూడా. కొండతేనెటీగలు పట్టునుండి మూకుమ్మడిగా లేచి, ఎత్తున ఎగిరి, ఒకేసారి మలవిసర్జన చేసి తిరిగి వస్తాయి. రెండు అగ్రరాజ్యాల మధ్య కలహానికి కారణమైన పసుపు వాన అదేనని వారు వాదించారు. మన కార్లమీద పడేదీ ఆ వానే. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

కొండ వదలి మేడకు

ఈ ఈగ నగరానికి ఎందుకు వస్తుంది? దాని కళ్ళకు పది అంతస్తుల మేడ ఒక కొండచరియ. ఎలుగుబంటి ఎక్కలేని ఎత్తు, తల దాచుకొనడానికి ముందుకు వచ్చిన కప్పు, దాపున నీరు, చుట్టుపక్కల రకరకాల చెట్లు, ఇవన్నీ అక్కడ ఉన్నాయి. చుట్టూ పొలాలలో ఒకే పైరు పూచి, ఒకేసారి కోతకు వచ్చి, తరువాత నెలల తరబడి బీడుగా ఉండవచ్చు. పాత నగరపు వీథులలో మాత్రం వేప తరువాత గానుగ, గానుగ తరువాత తురాయి, శీతాకాలంలో కుంకుడు, ఏడాది పొడుగునా కొబ్బరి పూస్తూనే ఉంటాయి.

కొన్ని నెలలు ఉండి, పూత తగ్గగానే పట్టు వదిలి అవి దూరప్రాంతాలకు వలస పోతాయి. ఖాళీ మైనపు పలక మాత్రం మిగులుతుంది. మరుసటి ఏడు మళ్ళీ అక్కడికే వచ్చేవి ఆ ఈగలేనా? ఈ సందేహాన్ని అస్సాములో చేసిన పరిశోధన ఒకటి తీర్చింది. పట్లలోని ఈగల జన్యులక్షణాలను పోల్చి చూడగా, వలస పోయిన కుటుంబాలు తమ పాత నెలవులకే తిరిగి వచ్చినట్టు తేలింది. 2000లో ‘నేచర్’ పత్రికలో ఆ వివరాలు వెలువడ్డాయి. మేత కాలంలో ఒక కూలి ఈగ ఆయువు ఆరు వారాలకు అటూ ఇటూ. కనుక నిరుడు బయలుదేరిన ఈగలలో బహుశా రాణి తప్ప మరేదీ మిగిలి ఉండదు. అయినా ఆ కుటుంబం దారి మరచిపోలేదు. మనం ఒక రాత్రిలో కాల్చివేసేది అటువంటి జ్ఞాపకాన్ని.

మనకేమి లాభం?

తేనె అన్నది చిన్న జవాబు. మిద్దెమీద గుమ్మడి పాదు పెంచినవారికి అసలు జవాబు తెలుసు. పిందె పడినట్టే పడి, పసుపెక్కి రాలిపోతుంటే దిష్టి తగిలిందనుకుంటారు. గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుపోయే ఆ పూల మధ్య పుప్పొడిని మోయడానికి ఈగ రాకపోతే పిందె నిలవదు. దోస, కాకర, మునగ, నిమ్మ కూడా కీటకాల సాయంవల్ల బాగా కాస్తాయి. వీథిచెట్లు కాయ కాస్తేనే పిట్టలకు తిండి.

అయితే అన్ని పనులూ తేనెటీగ చేయలేదు. టమాటా, వంగ పూలలో పుప్పొడి సన్నని రంధ్రాలున్న గొట్టాలలో దాగి ఉంటుంది. పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో గట్టిగా కంపింపజేస్తేగాని అది రాలదు. ఆ విద్య తుమ్మెదలకు, నీలిచారల ఒంటరి ఈగలకు తెలుసు, తేనెటీగలకు తెలియదు. కనుక మనం తేనెటీగకోసం చేసే మేలు ఈ అనామక ఈగలకు కూడా అందేట్టుగా ఉండాలి.

నగరం వాటికి స్వర్గమేమీ కాదు. బెంగుళూరులోని జాతీయ జీవవిజ్ఞాన కేంద్రం శాస్త్రజ్ఞులు కొన్ని సంవత్సరాలపాటు ఆ నగరంలోని వేర్వేరు చోట్ల కొండతేనెటీగలను పట్టి పరీక్షించి, 2020లో ఫలితాలను ప్రకటించారు. గాలిలో దుమ్ము, పొగ అధికమైన చోట్ల ఈగలు పూలపై వాలడం తగ్గింది. వాటి గుండె లయ తప్పింది. ఒక మోస్తరు కలుషితమైన, బాగా కలుషితమైన ప్రదేశాలలో పట్టినవాటిలో నూటికి 80కి పైగా ఒక్కరోజులోనే చనిపోయాయి. ఆ గాలినే మనమూ పీలుస్తున్నాము.

మరొక ప్రమాదం ఎవరూ ఊహించనిది. కాఫీ, పండ్లరసాలు తాగి పారవేసే కాగితపు కప్పుల అడుగున మిగిలే తీపికి ఈగలు మూగి, అందులోనే చిక్కి చస్తున్నాయి. తమిళనాడు పరిశోధకులు అయిదు దుకాణాల వద్ద 30 రోజులు లెక్కపెట్టగా 25,000కు పైగా ఈగల కళేబరాలు తేలాయని 2011లో ‘కరెంట్ సైన్స్’ పత్రిక ప్రచురించింది. దుకాణదారు చెత్తబుట్టకు మూత పెడితే ఆగిపోయే మరణాలివి.

మేడమీద పెట్టె

ఇక పెట్టెల సంగతి. పట్టణాలకూ తేనెటీగల పెంపకానికీ సంబంధం నేటిది కాదు. ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా 1770లో వియన్నా నగరంలో తేనెటీగల పెంపకం నేర్పడానికి ఆంటన్ యాన్షా అనే స్లొవీనియా రైతుబిడ్డను నియమించింది. ఆయన జ్ఞాపకార్థమే మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా ఐక్యరాజ్యసమితి 2018 నుండి జరుపుతున్నది. పారిస్ నగరం నడుమ లక్సెంబర్గు ఉద్యానంలో 1856లో మొదలైన తేనెటీగల పాఠశాల ఉన్నది. 2019 ఏప్రిల్ 15న ఆ నగరంలోని నాట్రడామ్ దేవాలయం మంటలకు గురైనపుడు, దాని అనుబంధ భవనం కప్పుమీది మూడు పెట్టెలలో ఈగలు క్షేమంగా బయటపడటం లోకానికంతకూ ఊరట కలిగించింది. న్యూయార్కు నగరం తన నిషేధాన్ని 2010లో ఎత్తివేసింది.

మనదేశంలో ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశకంలో తిరుచిరాపల్లి కేంద్రంగా రెవరెండ్ న్యూటన్ అనే క్రైస్తవ గురువు పుట్టతేనెటీగకు తగిన చిన్న పెట్టెను రూపొందించి, పలువురికి ఆ విద్య నేర్పాడు. దక్షిణాదిన దానిని నేటికీ న్యూటన్ పెట్టె అనే పిలుస్తారు. 1962లో ఖాదీ గ్రామోద్యోగ సంఘం పుణె నగరంలో కేంద్రీయ తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థను నెలకొల్పింది. ఆ సంవత్సరమే పంజాబులో ప్రొఫెసరు అత్వాల్ బృందం ఐరోపా తేనెటీగను పెంచే పని మొదలుపెట్టి, త్వరలోనే కృతకృత్యమైంది. 1991-92లో సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో పుట్టతేనెటీగల పెట్టెలను ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసింది. జబ్బును తట్టుకొని మిగిలిన కుటుంబాలనుండి అవి తిరిగి పుంజుకున్నాయి.

అయితే ఇటీవల ఐరోపా నగరాలనుండి ఒక హెచ్చరిక వస్తున్నది. స్విట్జర్లండులో 14 నగరాలలో 2012లో 3,139 పెట్టెలుండగా, 2018 నాటికి అవి 9,370 అయినాయి. పూలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. లండనులోని క్యూ ఉద్యానవన శాస్త్రజ్ఞులు 2020లో ఇటువంటి మాటే చెప్పారు: పెట్టెలు మితిమీరితే మేత చాలక తేనెటీగలూ, వాటితో పోటీపడలేక అడవి ఈగలూ నష్టపోతాయి. మేత లేనిచోట పశువులను పెంచితే ఏమవుతుందో మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కనుక పెట్టె పెట్టదలచినవారు ముందు చుట్టుపక్కల అరమైలు నడిచి, ఏయే నెలలో ఏ చెట్టు పూస్తుందో రాసుకోవాలి. ఆ తరువాత శిక్షణ పొంది, పొరుగువారి సమ్మతి తీసుకొని, పుట్టతేనెటీగల కుటుంబాన్ని ఒకటి రెండు పెట్టెలలో పెట్టుకోవచ్చు. అది మన నేలకు అలవాటైన ఈగ. సాధుస్వభావం గలది. తేనె ఏడాదికి నాలుగైదు కిలోలు దక్కితే సంతోషించాలి. పూత లేని కాలంలో దాని తిండి దానికే వదలాలి.

పట్టు పడిన నాడు

పెట్టె అందరికీ సాధ్యం కాదు. పట్టు మాత్రం ఎవరి ఇంటనైనా పడవచ్చు. అపుడేమి చేయాలి?

మనుషుల రాకపోకలకు దూరంగా, ఎత్తున ఉంటే దానిజోలికి పోకపోవడమే ఉత్తమం. కొన్ని నెలలలో అదే లేచిపోతుంది. అంతవరకు దాని కింద పొగ వేయరాదు, టపాకాయలు కాల్చరాదు, పిల్లలు రాళ్ళు రువ్వకుండా చూడాలి. దగ్గరి వసారా దీపాలను రాత్రివేళ ఆర్పివేయాలి. కిటికీలకు దోమతెర బిగించాలి.

బడి గుమ్మంమీదనో, ఆసుపత్రి కిటికీ పక్కనో, లిఫ్టు దారిలోనో పట్టు పడితే తొలగించక తప్పదు. అపుడు కూడా మంటా, మందూ పనికిరావు. అనుభవజ్ఞుడు సంధ్యవేళ పలుచని పొగతో ఈగలను లేవగొట్టి, పట్టును తొలగించగలడు. పిల్లలతో నిండని కొత్త పట్టయితే ఇది సులువు. పుట్టతేనెటీగ మీటరు పెట్టెలోనో, గోడ తొర్రలోనో చేరితే దానిని రాణితో సహా పెట్టెలోకి మార్చి మరోచోటికి తరలించవచ్చు. పురుగుమందు చల్లిన పట్టులోని తేనెను దోచుకొనడానికి ఇతర కుటుంబాల ఈగలు వచ్చి అవీ చస్తాయి. ఆ తేనె సీసాలోకి చేరితే మనుషులకూ హాని. ఈగలు వెళ్ళిన తరువాత గోడమీది మైనాన్ని గీకి శుభ్రంగా కడగాలి. లేకపోతే ఆ వాసనకు మరో గుంపు వస్తుంది.

ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పడం మేలు కాదు. ఈగ కుట్టినపుడు ముల్లూ విషపుతిత్తీ చర్మంలోనే ఊడిపోతాయి. అక్కడినుండి అరటిపండు వాసన వంటిది వెలువడి, ఇక్కడ శత్రువున్నాడని తక్కిన ఈగలకు చాటుతుంది. కనుక చేతులు విసరక, ముఖం కప్పుకొని, వేగంగా ఇంటిలోకో కారులోకో పోయి తలుపు మూసుకోవాలి. ముల్లును వెంటనే గోటితో గీకి తీయాలి. ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతుంది. పలుచోట్ల కుట్టినా, ఒక్క ఈగ కుట్టినంతనే ఒళ్ళంతా దద్దురులెక్కినా, ఊపిరాడకపోయినా, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

నల్లమల అడవులలో చెంచులు తాళ్ళమీద కొండచరియలకు దిగి ఈ ఈగల తేనె తీస్తారు. ఈ పట్టులో తేనె ఉండేది పైన, ఆధారానికి దగ్గరి భాగంలో. పిల్లలుండేది దాని దిగువన. తేనె భాగాన్ని మాత్రం కోసి పిల్లల పట్టును వదిలితే ఈగలు మళ్ళీ కట్టుకుంటాయి. ఈ పద్ధతిని తేనె సేకరించేవారికి శిక్షణలో నేర్పుతున్నారు. నగరంలో కాగడా పట్టి వచ్చే మనిషికి కూడా ఇది నేర్పవచ్చు. అతని జీవనోపాధి పోదు, పట్టూ పోదు.

ప్రతి ఇంటా చేయదగినవి

ఈ పనులకు ఖర్చు స్వల్పం. కుండీలో తులసిని కంకి తుంచకుండా పూయనివ్వండి. బంతిలో, చేమంతిలో రేకులు కిక్కిరిసిన సంకరరకాలకంటె ఒంటిరేకు నాటురకాలు నాటండి. కిక్కిరిసిన పూలలో ఈగకు దక్కేది తక్కువ. ఆకుల అందానికే పెంచే క్రోటన్ల వరుసలో నాలుగు పూలమొక్కలకు చోటివ్వండి. కాలనీలో చెట్లు నాటే సందర్భం వస్తే నేరేడు, గానుగ, కుంకుడు, వేప, మునగ అడగండి. 

వెడల్పయిన మూకుడులో గులకరాళ్ళు పరచి, రాళ్ళు మునగకుండా నీరు పోసి నీడన ఉంచండి. వేసవిలో ఈగలు నీటిని మోసుకుపోయి, పట్టుమీద చల్లి, రెక్కలతో విసిరి, పిల్లలున్న చోటును 34, 35 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర నిలుపుతాయి. పూసిన మొక్కలపై మందు కొట్టకండి; తప్పనిసరైతే ఈగలు తిరగని పొద్దుగూకిన వేళ కొట్టండి. మీ భవనసంఘం నిబంధనలలో ఒక్క వాక్యం చేర్పించండి: తేనెపట్టును కాల్చరాదు, మందు చల్లరాదు.

ఒక తేనెటీగ తన జీవితకాలమంతా శ్రమించి సమకూర్చే తేనె ఒక చెంచాలో పన్నెండవ వంతు. అంత స్వల్పమైన సంపాదనకు అది వేల పూలు తిరుగుతుంది. అలా తిరగడంలోనే మన చెట్లు కాయలు కాస్తాయి. వేసవి ముదిరి, పూత సన్నగిల్లిన ఒక ఉదయం మేడమీది గుంపు లేచి, వచ్చినట్టే హోరుమంటూ వెళ్ళిపోతుంది. మనం ఓపిక పట్టిన ఆ కొద్ది నెలలే దానికి మనమిచ్చే అద్దె మినహాయింపు. అద్దె అది ముందే చెల్లించి ఉంటుంది.